సీక్లిఫ్ ఒడ్డున సిమెంటు ఓడ

శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణంగా, మాంటెరీ అఖాతం ఒడ్డున ఆప్టోస్ అనే ఊరుంది. ఆ ఊరి సీక్లిఫ్ బీచ్‌లో నిలబడితే ఒడ్డుకు కొద్ది దూరంలో, అలల మధ్య, ముక్కలై ఒరిగిపోయిన ఓడ ఒకటి కనిపిస్తుంది. పేరు ఎస్.ఎస్. పాలో ఆల్టో. ఊరివాళ్లకు మాత్రం అది సిమెంటు ఓడ. ఉక్కు రేకులతో కాకుండా కాంక్రీటు పోతతో కట్టిన చమురు ఓడ అది. 1919లో నీళ్లలోకి దించారు. ఏ పని కోసం కట్టారో ఆ పని దానికి ఒక్కరోజు కూడా పడలేదు. 1930లో టగ్గు కట్టి ఇక్కడికి లాక్కొచ్చి ఇసుకలో కూర్చోబెట్టారు. ఆ తర్వాత అది డాన్సు హాలయింది, ఈతకొలనయింది, గేలం వేసేవాళ్ల వంతెనయింది, చివరికి పక్షులకూ చేపలకూ ఇల్లయింది.

శాన్‌హోసే, సన్నీవేల్, ఫ్రీమాంట్ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఈ దారి బాగా తెలిసినదే. ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు 17వ నంబరు హైవే మీద కొండలు దాటించి శాంతాక్రూజ్‌కు, అక్కడినుంచి ఒకటో నంబరు హైవే మీద మాంటెరీకి తీసుకెళ్తుంటారు. ఆప్టోస్ ఆ దారిలోనే తగులుతుంది. హైవే దిగితే బీచ్ మైలు దూరం కూడా ఉండదు.

ఈ ఓడ గురించి, దీని తోటి ఓడల గురించి ఇప్పటిదాకా వచ్చిన రాతల్లో రెండు వాదాలు కనిపిస్తాయి. ఒకటి: కాంక్రీటుతో ఓడ కట్టడమే తెలివితక్కువ పని, యుద్ధపు హడావిడిలో ప్రజాధనం సముద్రం పాలైంది. రెండోది ఇంజనీర్లది: కాంక్రీటు ఓడలు అద్భుతంగా పనిచేశాయి, లోకమే వాటికి న్యాయం చేయలేదు. రెండింటిలోనూ కొంత నిజముంది, కానీ ఏ ఒక్కదానితోనూ లెక్క తేలదు. అసలు ఇందులో మూడు ప్రశ్నలున్నాయి. ఓడగా కాంక్రీటు ఎందుకు నిలవలేదు? కట్టడంగా అది ఎంతకాలం నిలిచింది? ఒడ్డున మిగిలిన శిథిలాన్ని ఇప్పుడేం చేయాలి? మూడింటికీ ఒకే జవాబు చెప్పబోవడం వల్లే గందరగోళమంతా.

కాంక్రీటు తేలుతుందా అనే అనుమానం చాలామందికి వస్తుంది. ఉక్కు కూడా నీళ్లకంటే బరువైనదే, ఉక్కు ఓడ తేలడం లేదా? లోపల బోలుగా ఉండి, తన బరువుకు సరిపడా నీటిని పక్కకు నెట్టగలిగితే ఏదైనా తేలుతుంది. ఈ సంగతిని సిమెంటుతో రుజువు చేసిన మొదటి మనిషి ఫ్రాన్స్ దక్షిణ ప్రాంతపు రైతు జోసెఫ్ లూయీ లాంబో. 1848 ప్రాంతంలో ఇనుప తీగల వల అల్లి, దానికి సిమెంటు పూసి, తన పొలంలోని చెరువులో తిప్పుకోవడానికి చిన్న పడవ చేశాడు. 1855 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో దాన్ని పెట్టాడు. అప్పటికి కాంక్రీటులో కమ్మీలు వేసి ఇళ్లు కట్టడమనేది లోకానికి ఇంకా అలవాటు కాలేదు. ఇవాళ మన ఇళ్ల స్లాబుల్లో ఉన్న ఉపాయం ముందుగా నీళ్లమీద తేలిందంటే ఆశ్చర్యంగానే ఉంటుంది. తర్వాత 1890లలో ఇటలీలో కార్లో గాబెల్లిని కాంక్రీటు బార్జీలు కట్టాడు. సొంత ఇంజనుతో సముద్రంలోకి వెళ్లగలిగిన మొదటి కాంక్రీటు ఓడ నార్వేది. నికొలాయ్ ఫౌగ్నర్ కట్టిన నామ్సెన్‌ఫ్యోర్డ్ 1917 ఆగస్టు 2న నీళ్లలోకి దిగింది. పొడవు 84 అడుగులే. కానీ యుద్ధంలో ఉన్న దేశాలన్నీ దానివైపు చూశాయి.

చూడక తప్పని పరిస్థితి మరి. 1917 ఫిబ్రవరిలో జర్మనీ తన జలాంతర్గాములకు కనిపించిన ప్రతి సరుకు ఓడనూ ముంచేయమని అనుమతి ఇచ్చింది. ఓడలు కట్టేదానికంటే వేగంగా మునిగిపోతున్నాయి. ఉక్కేమో తుపాకులకూ ఫిరంగులకూ చాలడం లేదు. ఉక్కు తక్కువ తినే ఓడ ఎవరు కట్టి చూపినా ప్రభుత్వాలు చెవి ఒగ్గే సమయం అది. కాలిఫోర్నియాలో లెస్లీ కామిన్ అనే వ్యాపారి ప్రభుత్వం కోసం ఎదురుచూడకుండా సొంతంగా పెట్టుబడి సమకూర్చి, శాన్‌ఫ్రాన్సిస్కో షిప్ బిల్డింగ్ కంపెనీ పేరుతో రెడ్‌వుడ్ సిటీలో ఓడ మొదలుపెట్టాడు. 320 అడుగుల ఆ ఓడకు ఫెయిత్ అని పేరు పెట్టారు. 1918 మార్చి 14న అది నీళ్లలోకి దిగి నిక్షేపంగా తేలింది, తర్వాత సరుకులూ మోసింది. నెల తిరక్కుండానే, ఏప్రిల్‌లో, అధ్యక్షుడు విల్సన్ 24 కాంక్రీటు ఓడలకు అనుమతి ఇచ్చాడు.

నవంబరులో యుద్ధం ముగిసింది. అప్పటికి మొదలైనవి 12, పూర్తయింది ఒక్కటీ లేదు. మొదలుపెట్టిన పన్నెండింటినీ పూర్తి చేశారు, మిగతా వాటిని రద్దు చేశారు. ఓక్లాండ్‌లో 1919 మే 29న నీళ్లలోకి దిగిన పాలో ఆల్టో, దాని వెనుకే వచ్చిన పెరాల్టా, రెండూ ఆ పన్నెండింటిలోవే. కట్టింది ఫెయిత్‌ను కట్టిన కంపెనీయే.

కట్టిన విధానం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఓడ భవిష్యత్తంతా అందులోనే ఉంది. ఇల్లు కట్టడం చూసినవాళ్లకు సగం పని తెలిసినట్టే. ముందు వడ్రంగులు చెక్కతో సెంట్రింగ్ కొడతారు. తేడా ఏమిటంటే ఇక్కడ గోడలు నిటారుగా ఉండవు. ఓడ పొట్ట గుండ్రంగా, ముక్కు సన్నగా రావాలి. లోపలొక చెక్క, బయటొక చెక్క, మధ్యలో నాలుగైదు అంగుళాల సందు. ఆ సందులోనే అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా కమ్మీల అల్లిక. కమ్మీలు ఎంత దట్టంగా ఉంటాయంటే మామూలు కంకర వాటి మధ్యనుంచి కిందికి జారదు. అందుకే సన్న కంకర, పలచని కలుపు, పోసేటప్పుడు ఎక్కడా గాలిబుడగ మిగలకుండా చెక్కలను బయటినుంచి అదరగొట్టడం. ఒక్కచోట బోలు ఉండిపోతే అక్కడే ఉప్పునీరు దూరుతుంది.

బరువు సంగతి మరొకటి. మామూలు కాంక్రీటు ఘనపుటడుగుకు 150 పౌన్లు తూగుతుంది. ఆ బరువుతో ఓడ కడితే సరుకుకు చోటు మిగలదు. దీనికి పరిష్కారం ఒక ఇటుకల వ్యాపారి దగ్గర దొరికింది. కాన్సాస్ సిటీకి చెందిన స్టీఫెన్ హేడ్ ఇటుకబట్టీలో కొన్ని ఇటుకలు ఎక్కువ వేడికి ఉబ్బిపోయి పనికిరాకుండా పోవడం గమనించాడు. అవి తేలికగా ఉన్నాయి, గట్టిగానూ ఉన్నాయి. అదే పనిగా షేల్ రాతిని, బంకమట్టిని తిరిగే బట్టీలో కాల్చి ఉబ్బించి, నలగ్గొట్టి కంకరగా వాడొచ్చని 1918లో పేటెంటు తీసుకున్నాడు. యుద్ధ ఓడలకోసం ఆ పద్ధతిని ప్రభుత్వం ఉచితంగా వాడుకోవడానికి ఒప్పుకున్నాడు. ఆ కంకరతో కాంక్రీటు బరువు దాదాపు నాలుగోవంతు తగ్గింది, బలం తగ్గలేదు. తర్వాతి రోజుల్లో ఎత్తైన భవనాలకు, వంతెనల స్లాబులకు వాడిన తేలిక కాంక్రీటుకు మూలం ఇదే. ఓడలు కనుమరుగైనా వాటికోసం పుట్టిన కంకర ఇంకా బతికే ఉంది. ఈ కార్యక్రమం వృథా అనేవాళ్లు ఈ ఒక్క విషయాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

ఇక మొదటి ప్రశ్న. ఓడగా కాంక్రీటు ఎందుకు నిలవలేదు? మునిగిపోతుందన్న భయం వల్ల మాత్రం కాదు. ఈ ఓడల్లో ప్రయాణించిన నావికులకు కనిపించిన గుణం ఏమిటంటే, బరువు వల్ల కుదుపు తక్కువ. సమస్య ఆ బరువే. ఎంత తేలిక కంకర వాడినా, అంతే సరుకు మోసే ఉక్కు ఓడకంటే కాంక్రీటు ఓడ బరువు ఎక్కువే. అంటే ఇంధనం ఎక్కువ, రాబడి తక్కువ. యుద్ధంలో ఈ తేడా ఎవరికీ పట్టదు, శాంతికాలంలో యజమాని మొదట చూసేది అదే. పైగా యుద్ధం అయ్యేసరికి ఉక్కు ఓడలు కుప్పలుగా మిగిలిపోయి, చౌకగా అమ్ముడుపోతున్నాయి. కమ్మీలు కట్టి, రెండు వైపులా చెక్క కొట్టే కూలి ఖర్చు ముందు ఆదా అయిన ఉక్కు విలువ చాలా చిన్నదయింది.

రెండో కారణం ఢీకొన్నప్పటి సంగతి. ఉక్కు రేకు దెబ్బతగిలితే సొట్టపోతుంది. కాంక్రీటు పగులుతుంది. 1920 అమెరికా కాంక్రీటు ఓడలకు అచ్చిరాని సంవత్సరం. ఫిబ్రవరిలో పోలియాస్ మెయిన్ రాష్ట్రపు తీరంలో మంచుతుఫానులో బండమీదికెక్కింది. ఓడ వెంటనే విరగలేదు, కానీ మాట వినకుండా పడవ దించుకుని వెళ్లిన 11 మంది నావికులు తిరిగిరాలేదు. మే నెలలో సెల్మా మెక్సికోలోని టాంపికో రేవు జెట్టీని గుద్దుకుని 60 అడుగుల మేర చీల్చుకుంది. అక్టోబరులో కేప్ ఫియర్ నారగాన్సెట్ అఖాతంలో సిటీ ఆఫ్ అట్లాంటా అనే స్టీమరుతో ఢీకొంది. నిమిషాల్లో మునిగింది, 19 మంది పోయారు. ఇన్సూరెన్సు కంపెనీలకూ ఓడ యజమానులకూ ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది. ఇందులో అన్యాయం కొంత ఉంది. ఆ ఏడాది ఉక్కు ఓడలు కూడా మునిగాయి. కానీ చిల్లుపడిన కాంక్రీటు ఓడను బాగుచేయడం తెలిసిన షిప్‌యార్డు లేకపోవడం నిజమైన లోటే. సెల్మాను గాల్వెస్టన్‌కు తెచ్చి బాగుచేయబోయి, చేతకాక వదిలేశారు.

అలా పన్నెండు ఓడలూ తలో దిక్కయ్యాయి. ఇక్కడినుంచి కథ ఓడలది కాదు, ఓడల శేషాలది. నాకు ఈ భాగమే ఎక్కువ ఆసక్తికరం.

అమెరికా సైనికులను యూరప్ నుంచి ఇంటికి చేర్చి, కొంతకాలం బొగ్గు మోసిన అట్లాంటస్‌ను 1926లో న్యూజెర్సీలోని కేప్ మే దగ్గరికి తెచ్చారు. ఫెర్రీ రేవుకు పునాదిగా ముంచాలని పథకం. పని మొదలవకముందే జూన్ తుఫానులో కట్లు తెంచుకుని ఒడ్డుకు 150 అడుగుల దూరంలో ఇసుకెక్కింది. ఎంత లాగినా కదల్లేదు. ఆ ఫెర్రీ చివరికి 1964లో వేరే చోటినుంచి మొదలైంది. కొన్ని తరాల యాత్రికులు ఆ ఓడ దగ్గర సూర్యాస్తమయం చూశారు. ఇప్పుడు నీటిపైన మిగిలింది చిన్న ముక్క. సపోనా బహామాస్‌లోని బిమినీ దీవుల దగ్గర 1926 తుఫానులో ఇసుక పాలైంది. అమెరికాలో మద్యనిషేధం నడుస్తున్న ఆ రోజుల్లో అది దొంగసారా గిడ్డంగిగా పనిచేసింది, తర్వాత యుద్ధవిమానాలు బాంబులు వేయడం నేర్చుకునే గురి అయింది. శాన్ పాస్క్వల్ క్యూబా తీరంలో ఆగి, 1958లో చే గువేరా మనుషులు బందీలను ఉంచిన జైలయింది, మరికొంత కాలానికి హోటలయింది. ఫెయిత్ కూడా క్యూబాలోనే అలలకు అడ్డుగోడగా ముగిసింది.

పాలో ఆల్టో ఓక్లాండ్‌లో పదేళ్లు ఖాళీగా కట్టేసి ఉంది. నెవాడాకు చెందిన పెట్టుబడిదార్లు సీక్లిఫ్ అమ్యూజ్‌మెంట్ కార్పొరేషన్ అనే సంస్థ పెట్టి దాన్ని కొన్నారు. 1930 జనవరిలో లాక్కొచ్చి, లోపలికి నీళ్లు వదిలి, నేలమీద కూర్చోబెట్టారు. ఒడ్డునుంచి 630 అడుగుల చెక్క వంతెన కట్టారు. డెక్కు మీద రెయిన్‌బో బాల్‌రూమ్ పేరుతో డాన్సు హాలు, భోజనశాల, వేడినీళ్ల ఈతకొలను, ఆటల దుకాణాలు. ఆ వేసవికి జనం వచ్చారు.

మాంద్యం మొదలైన మరుసటి ఏడాదే ఇంత ఖర్చు పెట్టడం అవివేకమని తర్వాత చాలామంది తీర్పు చెప్పారు. నా ఉద్దేశంలో వ్యాపారంలో వాళ్ల తప్పు చిన్నది, ఇంజనీరింగులో పెద్దది. ఇసుకమీద, అలలు విరిగే చోట, నాలుగువందల అడుగులు దాటిన గట్టి పెట్టెను కూర్చోబెట్టారు. శీతాకాలపు అలలు ఇసుకను ఒకచోటినుంచి తోడి మరోచోట పోస్తాయి. ఓడ కిందున్న ఇసుక అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మధ్యలో ఆనుకుని చివర్లు గాలిలో ఉన్నా, చివర్లు ఆనుకుని మధ్య గాలిలో ఉన్నా, ఓడ వెన్ను మీద లాగుడు పడుతుంది. నొక్కుడును కాంక్రీటు ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోలేదు. నీళ్లమీద తేలేటప్పుడు ఓడకు కింద అన్నిచోట్లా నీటి ఆసరా ఉంటుంది. అందుకు లెక్కవేసి కట్టిన ఒడలిని ఇసుకదిబ్బ మీద పెడితే లెక్క తప్పుతుంది. 1932 తుఫానుల్లో ఓడ సరిగ్గా నడుమ పగిలింది. కంపెనీ రెండు వేసవులకే దివాలా తీసింది. పనికొచ్చే సామానంతా ఊడదీసుకుపోయారు. 1936లో కాలిఫోర్నియా రాష్ట్రం దాన్ని ఒక్క డాలరుకు కొనుక్కుంది.

ఆ ఒక్క డాలరు బేరం తర్వాతే ఓడ నిజంగా జనానిదైంది. దశాబ్దాలపాటు గేలాలు పట్టుకున్న జనం ఆ వంతెన మీదా, ఓడ మీదా నిలబడ్డారు. టికెట్టు లేదు, డాన్సు లేదు. పగుళ్లు పెరిగేకొద్దీ ఒక్కో భాగానికీ కంచె వేస్తూ పోయారు. చివరికి ఓడ మీదికి మనుషులను పోనివ్వడం మానేశారు. మనుషులు ఖాళీచేసిన చోటికి గోధుమరంగు పెలికాన్లు, నీటికాకులు వచ్చి కూర్చున్నాయి. నీటి కింది గోడలకు మస్సెల్స్, అనెమోన్లు పట్టాయి. వాటికోసం చేపలు. పదేళ్లనుంచి పిల్ల సొరచేపలు, అదీ తెల్లసొర జాతివి, ఈ ఓడ చుట్టుపక్కల నీళ్లలో గుంపులుగా తిరుగుతున్నాయి.

రెండో ప్రశ్న, కాంక్రీటు ఎంతకాలం నిలిచిందన్నది. ఇక్కడ ఇంజనీర్ల వాదానికి బలమైన సాక్షి సెల్మా. 1919 జూన్ 28న, వెర్సాయ్ సంధి మీద సంతకాలు పడిన రోజే, అలబామాలోని మొబీల్‌లో నీళ్లలోకి దిగిన ఓడ అది. బాగుచేయలేక 1922లో గాల్వెస్టన్ పక్కన పెలికాన్ దీవి దగ్గర కందకం తవ్వి అందులో ముంచేశారు. ముప్పై ఏళ్ల తర్వాత, 1953లో, నిపుణులు దాని గోడలనుంచి ముక్కలు కోసి పరీక్షించారు. కాంక్రీటు బలం కట్టిన రోజుకంటే పెరిగి ఉంది. కమ్మీల మీద కాంక్రీటు మందం అంగుళం కూడా లేదు, అయినా లోపలి కమ్మీ చాలాచోట్ల తుప్పు పట్టలేదు.

దీని విలువ తెలియాలంటే విశాఖలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఏ పాత అపార్టుమెంటు పిల్లరైనా చూడాలి. ఇరవై ముప్పై ఏళ్లకే పెచ్చులూడి, ఎర్రటి కమ్మీ బయటపడి ఉంటుంది. జరిగేది ఇది: ఉప్పుగాలిలోని క్లోరైడు కాంక్రీటు సన్నరంధ్రాల్లోంచి కమ్మీదాకా చేరుతుంది. కమ్మీ తుప్పు పడితే దాని పరిమాణం కొన్ని రెట్లు పెరుగుతుంది. ఆ ఉబ్బు పైనున్న కాంక్రీటును నెట్టేస్తుంది. పూర్తిగా నీళ్లలో మునిగిన భాగానికి గాలి అందదు గనుక ఈ బాధ తక్కువ. తడిసి, ఆరి, మళ్లీ తడిసే భాగానికే అసలు ముప్పు. దట్టంగా, బోలు లేకుండా, సిమెంటుకు కక్కుర్తి పడకుండా పోసిన కాంక్రీటులోకి ఉప్పు దిగడానికి చాలా ఏళ్లు పడుతుంది. 1919 నాటి మేస్త్రీలు ఆ పని చేశారు. ఈ మాట కాంట్రాక్టర్లందరూ వినాలి.

మరి అదే కాలపు పాలో ఆల్టో ముక్కలైందెందుకు? రెండు ఓడలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, తేడా పదార్థంలో కంటే కూర్చున్న చోటులో ఉందనిపిస్తుంది. సెల్మా దీవి చాటున, కందకంలో, చుట్టూ ఆసరాతో ఉంది. పాలో ఆల్టో పసిఫిక్ అలలు నేరుగా తగిలే చోట, కదిలే ఇసుకమీద ఉంది. అలల్లోనే ఉన్న అట్లాంటస్ కూడా దాదాపు మాయమైంది. పాలో ఆల్టో జంట ఓడ పెరాల్టా సంగతి చూడండి. దాన్ని ఒడ్డెక్కించలేదు, ముంచలేదు. కొంతకాలం అలాస్కాలో చేపల కర్మాగారంగా తిరిగి, 1958లో కెనడాలోని పావెల్ రివర్ చేరింది. అక్కడ కాగితం మిల్లు దుంగల చెరువుకు అడ్డంగా, రెండో ప్రపంచయుద్ధపు కాంక్రీటు ఓడలతో కలిసి గొలుసులతో లంగరేసి ఉంచారు. ఒకే కంపెనీ, ఒకే నమూనా, ఒకే కాంక్రీటు. ఒకటి 1932లో విరిగింది, రెండోది శతాబ్దం గడిచినా తేలింది. తేలే వస్తువుగా కట్టినదాన్ని తేలనిస్తే నిలిచింది.

రెండో యుద్ధంలో మళ్లీ ఉక్కు కరువొచ్చింది, మళ్లీ కాంక్రీటు ఓడలు వచ్చాయి. మెక్‌క్లోస్కీ కంపెనీ ఫ్లోరిడాలోని టాంపాలో 24 కట్టింది. ఈసారి చేసినవాళ్లకు వాటి అసలు విలువ తెలుసు. రెండింటిని, విట్రూవియస్‌నూ డేవిడ్ ఓ. సేలర్‌నూ, 1944 జూన్‌లో నార్మండీ తీరంలో అడ్డుగోడగా కావాలనే ముంచారు. వాటి చాటున సైన్యం సామాను దించుకుంది. తొమ్మిదింటిని వర్జీనియాలోని కిప్టపీక్ దగ్గర ఫెర్రీ రేవుకు కాపుగా వరసగా కూర్చోబెట్టారు. ఫెర్రీ 1964లో ఆగిపోయింది. ఓడలు మాత్రం అక్కడే ఉన్నాయి.

ముంచిన ఓడతో అలలను ఆపడం మన తీరానికి తెలియని విద్య కాదు. విశాఖ రేవు కట్టే రోజుల్లో, ప్రవేశమార్గంలోకి ఇసుక కొట్టుకురాకుండా ఆపడానికి జానస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడలను ముంచి అడ్డుగోడ చేశారు. అవి కాంక్రీటువి కావు, పనైపోయిన మామూలు ఓడలు. 1933లో రేవు ప్రారంభమయ్యే నాటికి వాటి పని అవి చేస్తున్నాయి. ఇవాళ విశాఖలో చాలామందికి ఆ రెండు పేర్లు తెలియవు. ఓడరేవు చరిత్రలో వాటికి రెండు పేజీలైనా దక్కాలి.

మూడో ప్రశ్నకు వద్దాం. ఇప్పుడు ఈ శిథిలాన్ని ఏం చేయాలి? 2005లో సీక్లిఫ్‌లో నూనె అంటుకున్న పక్షులు కనిపించాయి. వెతికితే ఓడ తొట్లలో ఎప్పటిదో ఇంధనం మిగిలి ఉందని తేలింది. 2006లో శుభ్రం చేయడానికి దిగినవాళ్లకు ఒక తొట్టిలో 173 పక్షుల కళేబరాలు, రెండు సీల్ జంతువుల కళేబరాలు దొరికాయి. ఆ శుభ్రతకు అయిన ఖర్చు దాదాపు 17 లక్షల డాలర్లు. ఒక్క డాలరుకు కొన్న ఓడ! 1930లో కూర్చోబెట్టేటప్పుడే తొట్లు ఖాళీచేసి కడిగి ఉంటే ఆ ప్రాణాలూ పోయేవి కావు, ఆ డబ్బూ పోయేది కాదు. ఈ మొత్తం చరిత్రలో నాకు క్షమించబుద్ధి కాని నిర్లక్ష్యం ఇదొక్కటే.

2016 ఫిబ్రవరిలో పెద్ద అలలకు ఓడ పక్కకు ఒరిగింది. 2017 జనవరిలో అఖాతంలో 30 అడుగులు దాటిన అలలు వచ్చినప్పుడు వెనుక భాగం విడిపోయి పక్కకు పడింది. 2023 జనవరి తుఫానులు బీచ్‌నే మార్చేశాయి. ఒడ్డు గోడ, క్యాంపుల స్థలం ధ్వంసమయ్యాయి. వంతెన విరిగింది. నష్టం చూడడానికి అప్పటి అధ్యక్షుడు బైడెన్ సీక్లిఫ్‌కే వచ్చారు. మిగిలిన వంతెనను బాగుచేయడం కుదరదని ఆ ఏడాదే కూల్చేశారు. ఇప్పుడు ఓడకూ ఒడ్డుకూ మధ్య ఏ బంధమూ లేదు.

కొందరు ఓడను నిలబెట్టమంటారు. అలలు విరిగేచోట విరిగిన కాంక్రీటును అతికించడం అంటే ఏటా డబ్బును నీళ్లలో పోయడమే. అక్కడి ఒడ్డు గోడ చరిత్రే చాలు: 1982లో కొత్తగా కట్టింది 1983 జనవరిలో కొట్టుకుపోయింది. కొందరు తీసేయమంటారు. తొట్లు శుభ్రమయ్యాక ఓడవల్ల హాని తగ్గింది. పగలగొట్టి తరలిస్తే దానిమీద ఆధారపడ్డ పక్షులకూ చేపలకూ గూడు పోతుంది. ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయాలన్నది నా అభిప్రాయం. అయితే వదిలేయడమంటే మరిచిపోవడం కాకూడదు. విరిగిన అంచుల్లో కమ్మీల అల్లిక, కంకర కలుపు ఇప్పుడు బయటికి కనిపిస్తున్నాయి. సెల్మాకు 1953లో చేసినట్టు, దీనినుంచి ముక్కలు తీసి పరీక్షించాలి. నూరేళ్లు అలల్లో ఉన్న కాంక్రీటు నమూనా దొరకడం అంత తేలిక కాదు. సముద్రతీర వంతెనలు, రేవులు కట్టే ప్రతి దేశానికీ ఆ లెక్క పనికొస్తుంది.

మనకూ ఇందులో తీసుకోవాల్సింది ఉంది. విశాఖ ఆర్కే బీచ్‌లో ఐ.ఎన్.ఎస్. కురుసుర 2002నుంచి ప్రదర్శనశాలగా ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించిన ఆ జలాంతర్గామిని అలలకు అందకుండా ఒడ్డుమీదికి చేర్చి, గట్టి పునాది మీద నిలిపారు. పాలో ఆల్టో విషయంలో జరగని పని అదే. సందర్శకుల టికెట్టు డబ్బు, తరచూ రంగు, తుప్పు వదిలించడం, ఇవి ఆగిన రోజు కురుసురకూ కష్టకాలం మొదలవుతుంది. 2020 అక్టోబరులో వాయుగుండానికి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కిన ఎం.వి. మా అనే బంగ్లాదేశ్ సరుకు ఓడను రెస్టారెంటుగా మార్చాలని పర్యాటకశాఖ తలపెట్టినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది రెయిన్‌బో బాల్‌రూమే. ఒడ్డెక్కిన ఓడను చూడ్డానికి జనం తప్పకుండా వస్తారు, ఆ విషయంలో సీక్లిఫ్ కంపెనీ అంచనా తప్పలేదు. అడగాల్సిన ప్రశ్నలు వేరు. అది అలల్లో ఉంటుందా, గట్టుమీద ఉంటుందా? కింద ఇసుకా, పునాదా? తొట్లలో నూనె పూర్తిగా తీశారా? జనం తగ్గిన పదో ఏట మరమ్మతుకు డబ్బు ఎవరిస్తారు? ఈ నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబు లేకుండా ఏ తీరంలోనూ, ఏ ఓడనూ ఆకర్షణగా మార్చడానికి అనుమతి ఇవ్వకూడదు.